'క్లెవర్' అనబోయి 'కన్నింగ్' అన్నాను: ఇంగ్లీషులో సరైన పదం ఎంచుకోవడం ఎలా?

కొత్తగాలి | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతూ ఉన్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. పోయిన వారం ఒక క్లయింట్‌కి మెయిల్ పంపాను. వాళ్ల టీమ్ ఒక చిక్కుముడిని చాలా తెలివిగా విప్పింది, మెచ్చుకుందామని కూర్చున్నా. మొదట 'క్లెవర్ సొల్యూషన్' అని రాశాను. మరీ చిన్నపిల్లల మాటలా అనిపించింది. థెసారస్ (దగ్గరి అర్థాల మాటలు ఒకచోట చేర్చిన పుస్తకం) తెరిస్తే క్లెవర్ పక్కన ఓ ఇరవై మాటలు కనబడ్డాయి. వాటిలో 'కన్నింగ్' బరువుగా, బాగా చదువుకున్న మాటలా అనిపించి అదే పెట్టేశాను.

జవాబు ఒక్క లైనే వచ్చింది. దీన్ని మెచ్చుకోలుగానే తీసుకోవచ్చా అని అడిగారు! చెమటలు పట్టేశాయి. క్షమాపణ చెప్పాను, ఆ గొడవ అక్కడితో అయిపోయింది. కానీ అప్పటినుంచి ఏ మాట రాయాలన్నా టెన్షనే. పదాలు తెలియక కాదు, రెండు మూడు వేల పదాలకు అర్థం చెప్పగలను. ఏది ఎక్కడ వాడాలో తెలియడం లేదు. మీరంతా ఎలా నేర్చుకున్నారు?

వేపచెట్టు | సోమవారం, రాత్రి 10:15

కొత్తగాలి గారూ, ముందు ఊపిరి పీల్చుకోండి. ఇలాంటి మెయిల్ ఒక్కటైనా పంపనివాళ్లు ఇక్కడ ఎవరూ ఉండరు.

మీ మెయిల్‌నే తెలుగులో ఊహించుకుందాం. మనకూ 'తెలివైన', 'చురుకైన', 'గడుసు', 'జిత్తులమారి', 'టక్కరి' అని వరసగా మాటలున్నాయి. అన్నిటిలోనూ తెలివి ఉంది. కానీ ఒకరిని మెచ్చుకుంటూ "మీ బృందం భలే జిత్తులమారి పని చేసింది" అని మీరు కలలో కూడా రాయరు. ఇంగ్లీషులో మీరు రాసింది సరిగ్గా అదే. క్లెవర్ అంటే తెలివైన. 'ష్రూడ్' మన గడుసుకు దగ్గర, డబ్బు విషయంలోనో మనుషుల్ని అంచనా వేయడంలోనో ఆరితేరినవాణ్ణి అంటారు. 'కన్నింగ్' దగ్గరికి వచ్చేసరికి ఎదుటివాణ్ణి బోల్తా కొట్టించే వాసన వస్తుంది. 'క్రాఫ్టీ', 'స్లై' కూడా ఆ వీధిలోవే.

తప్పు థెసారస్‌ది కాదు, దాన్ని వాడిన తీరుది. పీటర్ మార్క్ రోజే అనే వైద్యుడు 1852లో తన థెసారస్‌ను అచ్చు వేసినప్పుడు పదాల్ని భావాల వారీగా గుంపులు చేశాడు. ముందే తెలిసి, సమయానికి నోటికి రాని మాటను గుర్తు చేయడానికి అది పనికొస్తుంది. తెలియని మాటను అందులోంచి కొత్తగా ఎత్తుకొచ్చి వాక్యంలో పెడితే మాత్రం మీకైనట్టే అవుతుంది. నా మట్టుకు నేను ఒకటే పాటిస్తాను. కనీసం మూడు నాలుగు చోట్ల చదివిన మాట అయితేనే థెసారస్ నుంచి తీసుకుంటాను.

మూడువేలు | సోమవారం, రాత్రి 11:02

నేను కొంచెం అడ్డం వస్తాను. సందర్భం, సందర్భం అంటారు గానీ అసలు పదమే తెలియకపోతే సందర్భం ఏం చేస్తుంది? నేను పరీక్ష కోసం మూడు వేల పదాలు కార్డుల మీద రాసుకుని బట్టీ పట్టాను. ముందు సరుకు ఉండాలి, తర్వాతే దాన్ని ఎక్కడ సర్దాలన్నది. అందుకే నా పేరు కూడా అదే పెట్టుకున్నా.

పదాలసంచి | మంగళవారం, ఉదయం 6:50

మూడువేలు గారూ, మీ సరుకు మీద నాకేం కోపం లేదు. పాల్ నేషన్ అనే భాషావేత్త 2006లో వేసిన లెక్క ఒకటుంది. నవలలు, పత్రికలు ఇబ్బంది లేకుండా చదవాలంటే, అంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలంటే, ఎనిమిది తొమ్మిది వేల పదకుటుంబాలు (ఒక మాట, దాన్నుంచి పుట్టిన రూపాలు కలిపి ఒక కుటుంబం) కావాలి. కాబట్టి సరుకు కావాల్సిందే. నాకు పేచీ ఆ కార్డు దగ్గరే. ఒక వైపు ఇంగ్లీషు మాట, రెండో వైపు తెలుగు మాట. ఆ రెండూ ఒకటే అన్న భ్రమ అక్కడే పుడుతుంది.

నేను అనువాదాలు చేస్తాను కాబట్టి ఇది రోజూ నా ముందుకొచ్చే గొడవే. మనం బట్టలు ఉతుకుతాం, గిన్నెలు తోముతాం, కాళ్లు కడుక్కుంటాం. ఇంగ్లీషులో ఈ మూడింటికీ 'వాష్' సరిపోతుంది. తెలుగు నేర్చుకుంటున్న ఒక విదేశీయుడు నిఘంటువులో వాష్ అంటే ఉతకడం అని చూసి "నేను గిన్నెలు ఉతికాను" అన్నాడనుకోండి. అర్థం కాదా? అవుతుంది. వ్యాకరణం తప్పా? కాదు. అయినా నవ్వొస్తుంది. 'కట్' సంగతీ అంతే. మనం కూరగాయలు తరుగుతాం, కట్టెలు నరుకుతాం, పూలు కోస్తాం, జుట్టు కత్తిరిస్తాం. "జుట్టు నరికించుకుని వచ్చాను" అంటే ఇంట్లోవాళ్లు కంగారు పడతారు.

ఇంగ్లీషులో మనం ఎలా వినిపిస్తున్నామో తెలియాలంటే ఆ గిన్నెలు ఉతికిన మనిషిని గుర్తు పెట్టుకోండి. తోమడం అనే మాటకు గిన్నెలు, పళ్లు తోడు. ఉతకడానికి బట్టలు తోడు. ఈ తోడు సంగతి మనకెవరూ పాఠంలా చెప్పలేదు, విని విని పట్టుబడింది. జె.ఆర్. ఫర్త్ అనే భాషావేత్త 1957లో అన్నది కూడా ఇదే, మాట ఎలాంటిదో దాని సావాసాన్ని బట్టి తెలుస్తుందని. ఈ సావాసానికే 'కొలొకేషన్' అని పేరు.

రాత్రిబండి | మంగళవారం, ఉదయం 8:20

గిన్నెలు ఉతకడం సూపర్ 😂 నేనూ ఒకటి కలుపుతా. టీ గట్టిగా ఉంటే 'స్ట్రాంగ్ టీ', 'పవర్‌ఫుల్ టీ' అనరు. కారు ఇంజనేమో పవర్‌ఫుల్. వాన జోరుగా పడితే 'హెవీ రెయిన్', గాలి జోరుగా వీస్తే 'స్ట్రాంగ్ విండ్'. ఎందుకు అంటే ఎవడి దగ్గరా జవాబు లేదు.

పదాలసంచి | మంగళవారం, ఉదయం 8:34

ఆ టీ, కారు ఉదాహరణలు హాలిడే అనే భాషావేత్త 1966 నాటి వ్యాసంలోనివి, రాత్రిబండి గారూ. తెలిసి రాశారో తెలియక రాశారో గానీ పెద్దవాళ్ల సరసన చేరిపోయారు.

నిమ్మళం | మంగళవారం, మధ్యాహ్నం 1:10

తోడు మాటల సంగతి సరే. నాకు మొదటినుంచీ తలనొప్పి తెచ్చినవి తెలుగులో విశాలంగా పరుచుకున్న మాటలు. 'సిగ్గు' తీసుకోండి. కొత్తవాళ్ల ముందు నోరు పెగలక తల దించుకుంటే సిగ్గు. నలుగురిలో కాలు జారి పడితే సిగ్గు. చేసిన తప్పుకు లోపల కుమిలిపోయినా సిగ్గే. ఇంగ్లీషులో ఇవి మూడు వేరు వేరు గదులు. మొదటిది 'షై', అది స్వభావం. రెండోది 'ఎంబరాస్డ్', కాసేపు ఉండి పోతుంది. మూడోది 'అషేమ్డ్', అందులో తప్పు చేశానన్న భావం ఉంటుంది. ఒకసారి ఒక సమావేశంలో నన్ను మాట్లాడమంటే, సిగ్గేస్తోంది అనే అర్థంలో 'ఐ యామ్ అషేమ్డ్' అన్నాను. ఏ ఘోరం చేసి వచ్చానో అన్నట్టు అందరూ నన్నే చూశారు.

'ఎదురుచూడటం' కూడా ఇలాంటిదే. బస్సు కోసమైతే 'వెయిట్'. జరుగుతుందని నమ్మకం ఉంటే 'ఎక్స్‌పెక్ట్'. సంతోషంగా రోజులు లెక్కపెట్టుకుంటుంటే 'లుక్ ఫార్వర్డ్ టు'. మా పాత సహోద్యోగి ఒకాయన ఫైలు కోసం ఎదురుచూస్తూ మెయిల్లో 'ఐ యామ్ ఎక్స్‌పెక్టింగ్' అని రాసి అక్కడే చుక్క పెట్టాడు. తర్వాత ఏమీ లేకుండా అలా ఆపేస్తే 'నేను గర్భంతో ఉన్నాను' అని అర్థం. ఆయనకు అప్పటికే యాభై దాటాయి.

ఇంకో రకం ప్రమాదం ఉంది, అది తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు మాటలతో. వీటిని మనం ఇంగ్లీషే అనుకుంటాం, కానీ ఎప్పుడో తెలుగైపోయాయి. "వాడు ఫీలయ్యాడు" అంటే నొచ్చుకున్నాడని. 'హి ఫెల్ట్' అని ఆపేస్తే ఇంగ్లీషువాడు ఏం ఫీలయ్యాడో చెప్తారని చూస్తూ కూర్చుంటాడు. భవనం వెనక్కి రమ్మని చెప్పడానికి మనం హాయిగా 'బ్యాక్ సైడ్' అంటాం. అక్కడ అది మనిషి కూర్చునే భాగం. మన 'డౌట్' అంటే అడగాల్సిన ప్రశ్న. వాళ్ల డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. ఎవరైనా ఒక విషయం వివరించగానే 'ఐ హ్యావ్ ఏ డౌట్' అంటే, మీరు చెప్పింది నమ్మబుద్ధి కావట్లేదు అన్నట్టు వినిపించవచ్చు. 'ఐ హ్యావ్ ఏ క్వశ్చన్' అంటే గొడవే లేదు.

కొత్తగాలి | మంగళవారం, మధ్యాహ్నం 2:05

బ్యాక్ సైడ్ సంగతి ఇప్పుడే తెలిసింది. ఇన్నేళ్లలో ఎంతమందితో అన్నానో తలుచుకుంటే సిగ్గేస్తోంది. ఎంబరాస్డ్ రకం సిగ్గు, రాసి పెట్టుకున్నాను.

మూడువేలు | మంగళవారం, సాయంత్రం 6:30

సరే, సగం ఒప్పుకుంటున్నా. జీఆర్ఈలో వ్యతిరేక పదాలు, అనాలజీలు అడిగినంత కాలం కార్డులు రాజ్యమేలాయి. 2011 ఆగస్టులో వాటిని తీసేశారు. పేరా చదివి జవాబు చెప్పేవి కాక, పదాలకు మిగిలినవి ఖాళీలు నింపేవి, సెంటెన్స్ ఈక్వివలెన్స్. సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఆరు పదాల్లోంచి రెండు ఎంచుకోవాలి. ఆ రెండూ పెడితే వాక్యం ఒకే అర్థం ఇవ్వాలి. నా మూడు వేల కార్డులు నన్ను ముంచింది అక్కడే. అన్ని పదాలకూ అర్థం తెలుసు, జవాబు మాత్రం తెలియదు!

అప్పట్లో నేను బోల్తా పడ్డ తరహా ప్రశ్న ఒకటి సొంతంగా తయారు చేశాను, చూడండి.

'యూజువల్లీ ____ అబౌట్ హిజ్ చైల్డ్‌హుడ్, హి టోల్డ్ అస్ త్రీ స్టోరీస్ దట్ నైట్ వితౌట్ బీయింగ్ ఆస్క్‌డ్.'

ఇది ఖాళీ నింపే రకం, జవాబు ఒక్కటే. ఇచ్చినవి: రిలక్టెంట్, రెటిసెంట్, ఇగ్నొరెంట్, నొస్టాల్జిక్, ఆనెస్ట్.

రాత్రిబండి | మంగళవారం, సాయంత్రం 6:41

నొస్టాల్జిక్. చిన్నతనం కథలు చెబుతున్నాడుగా, పాత జ్ఞాపకాలు.

మొదటిబెంచి | మంగళవారం, సాయంత్రం 7:15

నేను రిలక్టెంట్ అంటాను. చెప్పడానికి ఇష్టపడనివాడు ఆ రోజు చెప్పాడు. కరెక్టేనా అండీ?

వేపచెట్టు | మంగళవారం, రాత్రి 9:05

రాత్రిబండి, మీరు చైల్డ్‌హుడ్ అన్న ఒక్క మాట పట్టుకుని దూకేశారు. ప్రశ్న తయారు చేసేవాళ్లు కావాలనే వేసే ఎర అది. ఖాళీ పక్కనున్న మాట కంటే వాక్యం ఎటు తిరుగుతోందో చూడాలి. 'యూజువల్లీ' అని మొదలైంది, 'దట్ నైట్' దగ్గర మలుపు తిరిగింది. మామూలుగా ఒకలా ఉండేవాడు, ఆ రాత్రి ఇంకోలా ఉన్నాడు. ఎలా ఉన్నాడు? 'వితౌట్ బీయింగ్ ఆస్క్‌డ్', ఎవరూ అడగకుండానే చెప్పాడు. అంటే మామూలుగా అడిగినా చెప్పడు. జవాబులు చూడకముందే ఖాళీలో తెలుగులో 'నోరు విప్పడు' అని పెట్టేసుకోవచ్చు. నేనెప్పుడూ ఇచ్చిన పదాలను చేత్తో మూసి, ముందు నా మాట ఒకటి పెట్టుకుని, ఆ తర్వాతే చెయ్యి తీస్తాను. నొస్టాల్జిక్ పెడితే మలుపే ఉండదు. మామూలుగా జ్ఞాపకాలు తలుచుకునేవాడు ఆ రాత్రీ తలుచుకున్నాడు, అందులో వింతేముంది?

మొదటిబెంచి గారు మలుపు పట్టుకున్నారు, చివరి మెట్టు మీద జారారు. రిలక్టెంట్ అంటే ఏ పని చేయడానికైనా మనసొప్పకపోవడం. దాని వెనక సాధారణంగా 'టు' వచ్చి ఒక పని రావాలి, 'రిలక్టెంట్ టు టాక్' అన్నట్టు. రెటిసెంట్‌లో ఆ పని ముందే ఇమిడి ఉంది, మాట్లాడటానికి వెనకాడేవాడని. అందుకే దాని వెనక 'అబౌట్' అతుకుతుంది. ఇక్కడ రెటిసెంట్. ఇగ్నొరెంట్‌కి అర్థం కూడా కుదరదు. తన చిన్నతనం తనకే తెలియనివాడు మూడు కథలెలా చెబుతాడు?

అర్థం దగ్గరగా ఉన్న రెండు మాటల మధ్య తేల్చుకోలేనప్పుడు వాటి వెనక ఏం వస్తుందో చూడండి. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. 'స్టీల్', 'రాబ్' రెండూ మనకు దొంగతనమే. స్టీల్ వెనక పోయిన వస్తువు వస్తుంది, రాబ్ వెనక పోగొట్టుకున్న మనిషో, బ్యాంకో వస్తుంది. 'సే', 'టెల్' కూడా అంతే. టెల్ వెనక మామూలుగా ఎవరికి చెప్పామో ఆ మనిషి ఉండాలి.

మూడువేలు | మంగళవారం, రాత్రి 9:30

రెటిసెంట్ కరెక్ట్. నేను అప్పట్లో ఇలాంటిదానికి రిలక్టెంటే పెట్టాను, మొదటిబెంచి గారు బాధపడకండి. నా కార్డు మీద రెండింటికీ 'అయిష్టత' అనే రాసుంది మరి.

నిమ్మళం | బుధవారం, ఉదయం 7:25

వెనక వచ్చే మాట అంటే గుర్తొచ్చింది. కొన్ని మాటలకు వ్యాకరణమూ కుదురుతుంది, అర్థమూ కుదురుతుంది, కానీ వాటికి సావాస దోషం ఉంటుంది. తెలుగులో 'పాల్పడటం' ఉంది కదా. దోపిడీకి పాల్పడ్డాడు, మోసానికి పాల్పడ్డాడు అంటాం. "ఆయన దానధర్మాలకు పాల్పడ్డాడు" అని రాస్తే? ఇంగ్లీషులో 'కమిట్' వెనక నేరమో పాపమో వస్తే అచ్చం ఇదే. 'కాజ్' ఇంకా ముసుగు మనిషి. చూడటానికి అమాయకంగా ఉంటుంది, కానీ దాని వెనక ఎక్కువగా వచ్చేవి ప్రమాదం, నష్టం, ఆలస్యం, ఇబ్బంది. 'కాజ్ హ్యాపీనెస్' అంటే తప్పనలేం, కానీ చెవికి కటువుగా తగులుతుంది. సంతోషమైతే 'బ్రింగ్' అంటారు.

రాత్రిబండి | బుధవారం, ఉదయం 9:00

దానధర్మాలకు పాల్పడ్డాడు 🤣 ఈ థ్రెడ్ ఆఫీసులో చదవకూడదు.

సీరియస్‌గా ఒక మాట. ఇవన్నీ ఎక్కడ చూసి తెలుసుకోవాలి? మామూలు ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీలో ఇంత సమాచారం దొరకదు కదా.

వేపచెట్టు | బుధవారం, మధ్యాహ్నం 12:40

దొరకదు. నేర్చుకునేవాళ్ల కోసమే చేసిన ఇంగ్లీషు-ఇంగ్లీషు నిఘంటువులు వేరే ఉన్నాయి. ఆ దారి వేసినవాళ్లలో ముఖ్యుడు ఏ.ఎస్. హార్న్‌బీ. జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ, అక్కడి విద్యార్థులు ఎక్కడ తడబడుతున్నారో చూసి ఇద్దరు సహచరులతో కలిసి చేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. తర్వాత 1948లో ఆక్స్‌ఫర్డ్ తీసుకుంది. 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువు సుమారు రెండు వేల తేలిక పదాలతోనే అన్ని అర్థాలూ చెప్పింది. నాకు ఎక్కువ ఇష్టమైనది 1987 నాటి కోబిల్డ్. అందులో అర్థం పూర్తి వాక్యంగా ఉంటుంది, "ఎవరైనా ఫలానా పని చేస్తే వాళ్లు ఇలా చేస్తున్నట్టు" అనే ధోరణిలో. ఆ వాక్యం చదువుతుండగానే మాటను ఎలా వాడాలో తెలిసిపోతుంది.

ఏ నిఘంటువు తెరిచినా అర్థం దగ్గర ఆగిపోవద్దు. కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు చదవండి. పక్కన 'ఫార్మల్', 'డిసప్రూవింగ్' లాంటి చిన్న గుర్తులుంటాయి, మనం కళ్లు మూసుకుని దాటేసేవి అవే. 'స్కిన్నీ' లాంటి మాటల స్వభావం ఉదాహరణల్లోనే బయటపడుతుంది. 'స్లిమ్' అంటే నాజూకు, స్కిన్నీ అంటే మరీ బక్కగా అని.

మొదటిబెంచి | బుధవారం, సాయంత్రం 4:10

నిఘంటువు చూడకుండా చదువుతూ ఊహించుకుంటే చాలని మాకు చెప్పారు. అలా చేయకూడదా?

పదాలసంచి | బుధవారం, రాత్రి 8:45

ఊహించండి, కానీ తేల్చేయకండి. 'నాన్‌ప్లస్‌డ్' అని ఒక మాట ఉంది. అసలు అర్థం ఏం చేయాలో తోచక నిలబడిపోవడం. 'ఆ ప్రశ్న విని అతను నాన్‌ప్లస్‌డ్‌గా నిలబడ్డాడు' లాంటి వాక్యంలో ఎలా ఊహించినా కుదురుతుంది, దిమ్మెరపోయాడనీ అనుకోవచ్చు, చలించలేదనీ అనుకోవచ్చు. ముందు 'నాన్' కూడా ఉందాయె. పుట్టుకతో ఇంగ్లీషు వాళ్లే చాలామంది రెండో అర్థంలో వాడేసరికి, అమెరికాలో అలా కూడా వాడుతున్నారని నిఘంటువులు రాయాల్సి వచ్చింది. ఒక్క వాక్యం చూసి ఊహిస్తే ఇదే తంతు. అదే మాట మూడు నాలుగు వేరు వేరు చోట్ల ఎదురైతే ఊహ దానంతటదే సరవుతుంది. తొందరుంటే నిఘంటువు ఉండనే ఉంది.

ఎలా నేర్చుకున్నారని కొత్తగాలి గారు మొదట్లో అడిగారు కాబట్టి నా పద్ధతి చెబుతాను. ఒక నోటు పుస్తకం, పేజీకి ఒకే మాట. పైన ఆ మాట దొరికిన వాక్యం యథాతథంగా. కింద దాని తోడు మాటలు రెండో మూడో. ఇంకా కింద నా జీవితంలోంచి నేను రాసిన వాక్యం ఒకటి, నిజంగా జరిగినదే. తెలుగు అర్థం అసలు రాయను, రాయాల్సి వస్తే ఒక్క మాటగా కాక "ఎలాంటప్పుడు అంటారంటే" అని రాస్తాను. వారం తర్వాత పై వాక్యంలో ఆ మాట మీద వేలు పెట్టి మూసి, ఏముండాలో చెప్పుకుంటాను. రాకపోతే మూడు రోజులకు మళ్లీ. వారానికి పది మాటలు కూడా దాటవు. మూడువేలు గారికి ఇది నత్తనడకలా కనిపిస్తుందని తెలుసు.

మూడువేలు | బుధవారం, రాత్రి 9:12

నత్తనడకే. కానీ నా కార్డుల వెనక వాక్యాలు రాయడం ఈ రాత్రే మొదలుపెట్టాను, ఇప్పటికి పదకొండయ్యాయి. పేరు మాత్రం మార్చుకోను.

కొత్తగాలి | గురువారం, ఉదయం 10:20

అందరికీ థాంక్స్. ఇవాళ అదే క్లయింట్‌కి ఇంకో మెయిల్ రాయాల్సి వచ్చింది. ఈసారి 'నీట్ సొల్యూషన్' అని రాశాను. నీట్ అంటే శుభ్రం అని ఒక్కటే తెలుసు నాకు. మొన్న ఒక వ్యాసంలో, నిన్న ఇంకో చోట, సొల్యూషన్ పక్కన కనబడింది. నిఘంటువులో ఉదాహరణలు చూస్తే, తేలిగ్గా, పొందికగా ఉన్న ఉపాయాన్ని అలా అంటారని అర్థమైంది. అరగంట క్రితం జవాబొచ్చింది, చివర ఒక స్మైలీ కూడా ఉంది. నోటు పుస్తకం మొదటి పేజీలో 'కన్నింగ్' రాశాను. కింద సొంత వాక్యం రాయడానికి పెద్దగా ఆలోచించాల్సిన పని పడలేదు.

మొదటిబెంచి | గురువారం, ఉదయం 11:05

నాకో డౌట్ అండీ.

రాత్రిబండి | గురువారం, ఉదయం 11:06

డౌటా, క్వశ్చనా?

మొదటిబెంచి | గురువారం, ఉదయం 11:09

క్వశ్చన్, క్వశ్చన్! మనిషి 'టాల్', కొండ 'హై', ఇంతవరకు తెలుసు. మరి చెట్టు, గోడ?

వేపచెట్టు | గురువారం, ఉదయం 11:31

చెట్టు టాల్, గోడ హై. వెడల్పు తక్కువగా ఉండి నిలువుగా ఎదిగినట్టుండే వాటికి, అంటే మనిషి, చెట్టు, స్తంభం లాంటి వాటికి టాల్. అడ్డంగా పరుచుకుని ఉన్నవాటికి, నేల నుంచి ఎంత ఎత్తున ఉన్నాయో చెప్పాల్సినవాటికి హై. అందుకే గోడ, పర్వతం, ఇంటి పైకప్పు, అల్మరా పై అర, ఇవన్నీ హై. భవనాల దగ్గర మాత్రం రెండూ వినిపిస్తాయి, టాల్ ఎక్కువ.